రీడింగ్ తేడాగా వస్తే పారబోయకండి: రీసెర్చ్‌పై అపోహలు - వాస్తవాలు

విశాఖలో సముద్రపు నీటి కెమిస్ట్రీ నా పని. రీసెర్చ్‌లో కొత్తగా చేరే పిల్లల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: రీసెర్చ్ ఫస్ట్ ర్యాంకర్లకే.

వాస్తవం: భీమవరంలో పుట్టిన ప్రఖ్యాత బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కింది మూడోసారికి. ఇంతకంటే చెప్పాలా?

అపోహ: అనుకున్న రిజల్ట్ రాకపోతే ప్రయోగం ఫెయిలైనట్టే.

వాస్తవం: అదే సుబ్బారావు హార్వర్డ్‌లో బయోకెమిస్ట్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయింది. కెమికల్స్ వేశాక వచ్చే నీలి రంగు ఎంత చిక్కబడితే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు. కండరాల నుంచి తీసిన ద్రావణంలో మాత్రం ఆ రంగు నెమ్మదిగా వచ్చింది. కెమికల్స్ పాతబడ్డాయనుకుని వదిలేయొచ్చు. వాళ్లు ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే, కండరాల్లో శక్తిని దాచిపెట్టే పదార్థం బయటపడింది.

మా ల్యాబ్‌లోనూ ఇలాంటివి ఎదురవుతాయి. నీళ్లలో ఆక్సిజన్ కొలవడానికి గాలి బుడగ లేకుండా సీసా నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అనే రీజెంట్లు (పరీక్షకు వాడే కెమికల్స్) వేస్తాం. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. గెడ్డ (వాగు) నీళ్లు సముద్రంలో కలిసే చోట ఒక్కోసారి అది తెల్లగానే ఉండిపోతుంది. కొత్తవాళ్లకు టెన్షన్. "మేడమ్, రీజెంట్ పాడైంది" అంటారు. అదే రీజెంట్ బీచ్ నీళ్లలో వేసి చూడమంటాను. అక్కడ గోధుమ రంగు వచ్చిందంటే రీజెంట్ బాగానే ఉంది, గెడ్డ నీళ్లలోనే ఆక్సిజన్ లేదు. థీసిస్‌కి పనికొచ్చే మాట అదే!

అపోహ: పట్టుదలంటే అర్ధరాత్రి దాకా ల్యాబ్‌లో కూర్చోవడం.

వాస్తవం: నిద్రమత్తులో చేసే టైట్రేషన్‌ని (చుక్కచుక్కగా ద్రావణం కలిపి కొలవడాన్ని) నేను నమ్మను. ఒకసారికి ఒక్కటే మార్చండి. శాంపిల్ తీసిన టైము, అప్పుడు సముద్రం పోటు మీదుందా పాటు మీదుందా, రీజెంట్ ఎప్పుడు కలిపారు, అన్నీ నోట్‌బుక్‌లో ఉండాలి. విడి కాగితాల మీద రాసినవి ఎలాగూ దొరకవు.

అపోహ: మంచి ప్రశ్నలు జర్నళ్లలోనే దొరుకుతాయి.

వాస్తవం: వేసవి ఎండ మాడ్చేస్తుంటే విశాఖ తీరంలో నీళ్లు ఒక్కోసారి చల్లబడతాయి. తీరం వెంట వీచే నైరుతి గాలికి పైనీళ్లు తీరం నుంచి సముద్రం లోపలికి జరిగి, అడుగు నీళ్లు పైకొస్తాయి. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త ల్యాఫాండ్ దీనిమీద పేపర్లు రాశారు. రోజూ వేటకెళ్లేవాళ్ల చేతికి ఆ చల్లదనం ముందే తెలుస్తుంది. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి అడగండి. కాకపోతే తెల్లవారకముందే వెళ్లండి, వేలంపాట మొదలయ్యాక మీ వైపు చూసేవాళ్లుండరు.