మానీ బురుజులు ఎందుకు లేచాయి, ఎందుకు కూలుతున్నాయి

గ్రీస్ దక్షిణ కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన మూడు నేల కొమ్ముల్లో నడిమిది మానీ. 2,400 మీటర్ల ఎత్తు దాటిన తైగెతోస్ కొండల వరుస దానికి వెన్నెముక. ఆ కొసకు దగ్గర్లోని వాతియా ఊళ్లో రాతి బురుజు ఇళ్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. వాటిని కాపాడాలంటే ముందు అవి ఎందుకు పుట్టాయో తెలియాలి.

మూలం నీళ్ల దగ్గరే ఉంది. నేలంతా సున్నపురాయి. కురిసిన వాన పగుళ్లలోకి ఇంకిపోతుంది, పైన ఏరు పారదు. అక్కడి దీరోస్ గుహల్ని తొలిచింది ఆ ఇంకిన నీరే. మానీలో నీళ్లు లేవనీ, ఆలివ్ మాత్రం బాగా కాస్తుందనీ 10వ శతాబ్దంలోనే బైజాంటిన్ చక్రవర్తి ఏడో కాన్‌స్టంటైన్ రాశాడు. జానెడు చెలక కోసం, వాననీటి తొట్టి కోసం వంశాల మధ్య తరాల తరబడి పగలు రగిలేవి. మగపిల్లల్ని ‘తుపాకులు’ అనే పిలిచేవారు. ఎవరి బురుజు ఎత్తయితే పక్కవాడి కప్పు మీద వాళ్లదే పైచేయి. లోపల అంతస్తుకొక గది. పైకెక్కాక నిచ్చెన లాక్కుని, నేలలోని తలుపు మూసేసేవారు.

ఇలాంటి చోట పన్ను వసూలు చేయడం అప్పట్లో గ్రీస్‌ను ఏలిన ఒట్టోమన్ తుర్కులకే గగనమైంది. 1776 నుంచి స్థానికుడినే బే పదవిలో, అంటే తమ తరఫున ప్రాంతాన్ని ఏలే అధిపతిగా, కూర్చోబెట్టారు. ఆ పదవిలో చివరివాడు పెత్రోబే మావ్రోమిహాలిస్. 1821 మార్చిలో మానీ జనం అరెయోపోలిలో తిరుగుబాటు జెండా ఎత్తి, రోజుల్లోనే కలమాటా పట్నాన్ని పట్టుకున్నారు. 1826లో ఒట్టోమన్ల పక్షాన ఈజిప్టు నుంచి వచ్చిన ఇబ్రహీం పాషా సేన దీరోస్ తీరాన దిగినప్పుడు కోతల్లో ఉన్న ఆడవాళ్లు కొడవళ్లతోనే కలబడ్డారు. ఆ తెగువకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

స్వతంత్రం వచ్చాకా పేచీ తెగలేదు. తొలి పాలకుడు కపోదిస్త్రియాస్ పన్నుల్ని కేంద్రం చేతికి తేబోయి, పెత్రోబేని ఖైదు చేశాడు. 1831లో నాఫ్ప్లియో చర్చి గుమ్మంలో పెత్రోబే తమ్ముడు, కొడుకు కలిసి కపోదిస్త్రియాస్‌ని చంపారు. 1834లో బురుజులు పడగొట్టడానికి, బవేరియా నుంచి వచ్చిన కొత్త రాజు ఒట్టో పంపగా, బవేరియా సైనికులు వస్తే, మానీ వాళ్లు ఓడించి తిప్పిపంపారు.

సైన్యం చేయలేనిది వలస చేసింది. బతుకుతెరువుకు జనం ఏథెన్స్ రేవు పిరేయస్‌కో, సముద్రాల అవతలికో వెళ్లిపోయారు. ఒక్కో బురుజుకు వారసులు ఎక్కువై, మరమ్మతుకు అందరి సంతకాలూ కుదరడం కష్టమైంది. ముందు కప్పు పోతుంది. వాన లోపలికి దిగి కొయ్య దూలాలు కుళ్లుతాయి. నాలుగు గోడల్ని కట్టిపట్టి ఉంచేవి ఆ దూలాలే కాబట్టి, అవి పోతే పై వరసలు బయటికి ఒరిగి రాలుతాయి. పగుళ్లలో సిమెంటు కూరడం ఇంకా చేటు. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలి సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే ముందు కప్పు వేయాలి, తర్వాత దూలాలు మార్చాలి, ఆపైన పాత గోడలో వాడినట్టే సున్నంతో సందులు పూడ్చాలి. ఈ వరస తారుమారైతే పెట్టిన ఖర్చంతా తర్వాతి వానాకాలానికే నీళ్లపాలవుతుంది.