చెవి నరం ఆపరేషన్ తరువాత తిరిగి పనిలోకి: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఫిజియోథెరపిస్టుగా నేను చూసేవారిలో, చెన్నైకో వేలూరుకో వెళ్లి చెవి వెనుక ఆపరేషన్ చేయించుకొని, కుట్లు మానిన తరువాత గోడ పట్టుకొని నడుస్తూ వచ్చేవారు కొందరుంటారు. వారిలో చాలామందికి జరిగింది వెస్టిబ్యులర్ శ్వానోమా అనే గడ్డను తొలగించే శస్త్రచికిత్స. అది క్యాన్సర్ కాదు. వినికిడి, శరీర సమతుల్యత సమాచారాన్ని మెదడుకు చేరవేసే ఎనిమిదవ కపాల నాడి పొరలో సాధారణంగా నెమ్మదిగా పెరిగే గడ్డ. దానిని తీసేటప్పుడు సమతుల్యతకు చెందిన నరాన్ని చాలాసార్లు కోయవలసి వస్తుంది. ఇంటికి వచ్చాక "మళ్లీ పనికి ఎప్పుడు పోవచ్చు?" అన్న ప్రశ్నకు బంధువులు ఒకటి, యజమాని ఒకటి, ఇరుగుపొరుగు మరొకటి చెబుతారు. ఆ మాటల్లో హాని చేసేవాటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: తల తిరుగుడు పూర్తిగా తగ్గేదాకా మంచం దిగకూడదు.

వాస్తవం: నేను విన్న అపోహలన్నిటిలో కోలుకోవడాన్ని ఎక్కువగా వెనక్కి లాగేది ఇదే, పైగా ఇది ప్రేమతో చెప్పే మాట కావడంవల్ల కాదనడం కష్టం. తల కదలకుండా ఉన్నప్పుడు రెండు లోపలి చెవుల నుంచీ మెదడుకు సమానంగా సంకేతాలు అందుతుంటాయి. ఒకవైపు నరం తెగగానే ఆ సమానత్వం పోతుంది, మనిషి కదలకుండా పడుకున్నా గిర్రున తిరుగుతున్నట్లు మెదడు అర్థం చేసుకుంటుంది. మొదటి కొద్ది రోజుల వాంతులకు, కళ్లు తిరగడానికి కారణం అదే. ఆ తరువాత చిన్నమెదడు మిగిలిన చెవి సంకేతాలకు తగినట్లు లెక్కను సరిచేసుకోవడం మొదలుపెడుతుంది. అయితే తల కదిలినప్పుడు చూపు జారితేనే తన లెక్క తప్పిందని దానికి తెలుస్తుంది. తల కదపకుండా నెలరోజులు పడుకున్న మనిషి, దిద్దుకోవడానికి కావలసిన ఆ సమాచారాన్ని మెదడుకు అందకుండా చేసుకున్నట్లే.

అందుకే శస్త్రచికిత్స చేసిన వైద్యుని అనుమతి రాగానే ఒక తేలికైన సాధనతో మొదలుపెడతాము. చేయి చాచినంత దూరంలో గోడకు ఒక అక్షరాన్ని అంటించి, దానిపై నుంచి చూపు తప్పకుండా, అక్షరం మసకబారనంత వేగంతో తలను కుడి ఎడమలకు తిప్పాలి. తొలి వారాలలో రోజుకు కనీసం మూడుసార్లు, అన్నీ కలిపి 12 నిమిషాలకు తగ్గకుండా చేయించడం మా పద్ధతి. చేస్తున్నప్పుడు కొంత తిప్పు రావడం సహజమే. అది కాసేపటికి సద్దుమణగకపోతే వేగం తగ్గిస్తాము గాని సాధన మానిపించము. తల కదపడం వేరు, ముక్కి బరువులెత్తడం వేరు. ఎంతకాలం బరువులెత్తకూడదని శస్త్రవైద్యుడు చెప్పారో అంతకాలం ఆ నియమం పాటించి తీరాలి. ముందుకు వంగినప్పుడు ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారితే దానిని జలుబు అనుకోకుండా అదే రోజు ఆయనకు తెలియజేయాలి, ఎందుకంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

అపోహ: ఇది పైత్యం, కళ్లు తిరిగినప్పుడల్లా ఒక మాత్ర వేసుకొని పనికి పోతే చాలు.

వాస్తవం: ఇది పైత్యం కాదు. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వంటి మాత్రలు మొదటి రోజుల వాంతులకు ఉపయోగపడతాయి. వాటినే వారాల తరబడి వాడితే మగత రావడమే కాక, పైన చెప్పిన మెదడు సర్దుబాటు కూడా నెమ్మదిస్తుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రతో రెండు నెలలు గడిపిన వారికి మేము సాధన దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

అపోహ: ఇంట్లో బాగానే నడుస్తున్నాడు కాబట్టి పనికి పోవచ్చు.

వాస్తవం: మనిషి నిలబడడానికి లోపలి చెవితో పాటు కంటి చూపు, పాదాలూ కీళ్ల నుంచి వచ్చే స్పర్శ కూడా తోడ్పడతాయి. ఇంట్లో వెలుతురుంటుంది, నేల చదునుగా ఉంటుంది. చెవి చేయలేని పనిని కళ్లూ పాదాలూ కలిసి చేస్తాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట మీద రాత్రి కాపలా ఉండే మనిషిని తీసుకోండి. చీకట్లో ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో చూడడానికి గట్టు వెంట నడవాలి. చూపు ఆసరా పోయింది, మెత్తటి బురద మట్టిలో పాదాల ఆసరా కూడా సగం పోయింది. ఇక మిగిలింది దెబ్బతిన్న చెవి ఒక్కటే. మా క్లినిక్‌లో మెత్తటి ఫోమ్ మీద కళ్లు మూసి నిలబెట్టి చూసేది ఈ పరిస్థితినే. ఆ పరీక్షలో తూలిపోయే మనిషి వరండాలో ఎంత చక్కగా నడిచినా, రాత్రి గట్టు మీదికి పంపవద్దని ఇంటివారికి గట్టిగా చెబుతాను.

నీటి విషయం మరింత ప్రమాదకరమైనది. మునిగిన మనిషికి చీకటి నీళ్లలో కంటికి ఏమీ కనిపించదు, పాదాలకు నేల తగలదు. లోపలి చెవి కూడా సరిగా పనిచేయకపోతే పైకి ఎటు పోవాలో తెలియకపోవచ్చు. ఈత బాగా వచ్చినవారికి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. వేటకు పోయేవారు, గుంటలో దిగి పనిచేసేవారు దీనిని తమతో పనిచేసే వారందరికీ చెప్పి ఉంచాలి.

ఒంగోలు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పైకెక్కి కర్రలు అందుకునే పనికీ, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో నీళ్లూ రాతి బురదా నిండిన నేల మీద చేసే పనికీ ఇదే లెక్క. రాతి పనివారు మరో సంగతి గమనించాలి. ఈ ఆపరేషన్ తరువాత ముఖ కండరాలను కదిలించే ముఖ నరం బలహీనపడి కనురెప్ప పూర్తిగా మూసుకోకపోతే, దుమ్ములో పనిచేయడం కంటికే ప్రమాదం.

అపోహ: కూర్చొని చేసే ఉద్యోగానికి ఇబ్బంది ఏముంటుంది? మొదటి రోజు నుంచే పూర్తి పని చేయవచ్చు.

వాస్తవం: కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి కంప్యూటర్ తెర నుంచి ఎదుటి మనిషికి, అక్కడి నుంచి పక్కనున్న కాగితాలకు ఎన్ని వందలసార్లు తల తిప్పుతాడో లెక్కపెట్టి చూడండి. తెర మీద అక్షరాలు పైకీ కిందికీ కదలడం కూడా తిప్పు తెస్తుంది. ఆరోగ్యవంతులు గమనించకుండానే చేసే ఈ పనిని వీరి మెదడు శ్రమపడి చేస్తుంది, అందుకే మధ్యాహ్నానికి ఒళ్లంతా సోలిపోతుంది. దానిని బద్ధకమని యజమాని, పిరికితనమని ఇంటివారు అనుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మొదటి రెండు వారాలు ఉదయం పూట మాత్రమే పనిచేసి, గంటకొకసారి లేచి నాలుగడుగులు నడిచి, ఆ తరువాత వేళలు పెంచుకుంటూ పోవడం మంచిది. ఒక చెవి పూర్తిగా వినిపించని వారు, వినిపించే చెవి మనుషుల వైపుండేలా కుర్చీ మార్పించుకోవాలి.

అపోహ: బండి నడపడానికి కళ్లు బాగుంటే చాలు.

వాస్తవం: వెనుక హారన్ విని తల తిప్పిన క్షణంలో దారి మసకబారితే బండి నడపకూడదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1 స్వీయ ప్రకటనలో అకస్మాత్తుగా తల తిరిగే లక్షణం ఉందా అనే ప్రశ్న ఉంటుంది. దానికి నిజమే చెప్పాలి.

అపోహ: విషయం చెబితే ఉద్యోగం పోతుంది, దాచడమే మేలు.

వాస్తవం: ఈ భయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. అయినా దాచి నిచ్చెన ఎక్కడం కంటే చెప్పి కింద నిలబడడం మేలు. ప్రభుత్వ సంస్థలలో పనిచేస్తూ వైకల్యం పొందిన వ్యక్తిని తొలగించడానికి గాని, హోదా తగ్గించడానికి గాని వీలులేదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ చెబుతుంది. ఆ పని చేయలేకపోతే అదే వేతన శ్రేణిలో మరో పని ఇవ్వాలి. అయితే ఆ చట్టం వినికిడి లోపాన్ని రెండు చెవులకూ కలిపి లెక్కిస్తుంది, కాబట్టి ఒక్క చెవి పోయినంత మాత్రాన ధ్రువపత్రం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉండి, చందా షరతులు నెరవేరినవారికి ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భత్యంగా అందుతుంది.

ప్రైవేటు పనుల్లో మాత్రం మేమిచ్చే ఉత్తరమే ఆధారం. "తేలికపాటి పని ఇవ్వగలరు" అని రాస్తే దానిని ఎవరికి తోచినట్లు వారు అర్థం చేసుకుంటారు. అందువల్ల నిచ్చెన ఎక్కకూడదు, రాత్రి కాపలా వద్దు, తిరిగే యంత్రం పక్కన ఒంటరిగా నిలబెట్టవద్దు, రోజుకు నాలుగు గంటలు, ఫలానా తేదీన మళ్లీ పరీక్ష అని విడివిడిగా రాస్తాను. మీకు వైద్యం చేసేవారిని కూడా ఇలాగే రాసివ్వమని అడగండి. అడిగేటప్పుడు మీ పని ఎలాంటి నేల మీద, ఎంత ఎత్తులో, ఎంత వెలుతురులో జరుగుతుందో వారికి వివరంగా చెప్పండి.