బీడులో మేత: అపోహలు – వాస్తవాలు

అపోహ: బాగా పెరిగే గడ్డి ఒక్కటి వేస్తే చాలు.

అనంతపురం జిల్లాలో మేత భూముల పని మీద ఏ ఊరికి వెళ్లినా ముందు ఇదే అడుగుతారు. "ఇన్ని రకాలెందుకు సార్, మంచి విత్తనం ఒకటి చెప్పండి, చల్లేస్తాం."

వాస్తవం: అమెరికాలోని మిన్నెసోటాలో, సీడర్ క్రీక్ అనే చోట డేవిడ్ టిల్మన్ అనే శాస్త్రవేత్త బృందం 1994లో 168 మళ్లు వేసింది. కొన్నింట్లో ఒకే రకం మొక్క, మిగతా వాటిలో 2, 4, 8, 16 రకాలు. ఏళ్లు గడిచేకొద్దీ తేడా పెరిగింది. 16 రకాల మళ్లలో పచ్చిక, ఒంటి రకం మళ్ల సగటుకు రెండింతలు దాటింది. ఒంటి రకం మళ్లలో అన్నిటికన్నా బాగా పెరిగిన దాన్ని కూడా, ఎక్కువ రకాలున్న మళ్లు చాలా మించాయి.

కారణం మన చేలోనే ఉంది. శెనక్కాయలో కంది సాలు ఎందుకేస్తాం? ఒకటి పైతడి తాగితే, రెండోది లోతుకు దిగి, కాయ పీకేశాక కూడా నిలబడుతుంది. బీడులోనూ అంతే.

వాన పడిన నెలకు పిల్లిపెసర తీగను వేరు తెగకుండా తవ్వి చూడండి. వేర్లకు చిన్న బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తే, అది గాలిలోని నత్రజనిని పట్టి పెడుతున్నట్టే. ఆ ఆకూ వేరూ కుళ్లాక పక్క గడ్డికీ బలం అందుతుంది. ప్రతి ఊళ్లో నేను ముందు చూపించేది ఇదే.

అపోహ: కరువొస్తే ఎన్ని రకాలున్నా ఎండిపోవడమే.

1988 కరువులో సీడర్ క్రీక్‌లోనే వేరే మళ్లలో కొలిచారు. రకాలు ఎక్కువున్న చోట పచ్చిక తక్కువ దెబ్బతింది, త్వరగా కోలుకుంది. మన సీమకు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

అపోహ: ఎరువు వేస్తే సరిపోతుంది.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి గడ్డి మీద ప్రయోగం నడుస్తోంది. నత్రజని వేసిన చోట గడ్డి పెరిగింది, రకాలు తగ్గిపోయాయి. వాన నమ్మకం లేని మెట్ట బీడుకు ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను.

అపోహ: ఏ మొక్క మొలిచినా మంచిదే.

కాదు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకుంటే మిగతావి పోతాయి. వయ్యారిభామను పూత రాకముందే పీకాలి.

ఈ ఏడాది బీడులో ఒక మూల, గింజ రాలేదాకా మంద తోలకుండా వదలండి. జీవాలు పిల్లిపెసరను ఇష్టంగా తినేస్తాయి, గింజ రాలితేనే అది వచ్చే వానకు మళ్లీ మొలుస్తుంది.