మాటుకి పచ్చమండలు కప్పితే పిట్టలు రావు

ఎండలు ముదిరితే నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే. "అన్నా, నేల మీద మాటు కట్టాను, చుట్టూ వేపమండలు కప్పాను. ఒక్క పిట్టా దగ్గరికి రాట్లేదు. ఇంకేటి కప్పమంటావు?" పిట్టల ఫొటోలకి దాక్కుని కూర్చునే మాటు సంగతే చెప్తున్నాను. వేటంటారా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

అపోహ: ఎంత పచ్చగా కప్పితే అంత కనబడం.

అన్నిటికంటే చేటు చేసేది ఇదే. వైశాఖం ఎండకి నరికిన మండ మధ్యాహ్నానికే వడలిపోతుంది. మర్నాటికి ముడుచుకుంటుంది, ఆ తర్వాత ఎర్రబారి రాలుతుంది. మీ మాటు పిట్టకి రోజుకో కొత్త వస్తువు. దానికి భయం కొత్తదంటేనే. పైగా మండలు మార్చడానికి మీరు రోజూ అక్కడే తిరుగుతారు. అసలు వంశధార ఇసుకలో, నౌపడా ఉప్పుమడుల దగ్గర, కోసేసిన చేలో పచ్చ ఎక్కడుంది?

ఎండు తాటికమ్మలతో దడి కట్టండి. ఎండిన కమ్మ ఇక వడలదు, దడి పిట్టలకి తెలిసినదే. మొగలిపొదకి ఆనించి కట్టి, కొన్నాళ్లు దాని జోలికి పోకండి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. కింద జనం తిరుగుతున్నా పట్టించుకోవు. ఎవరు దాక్కున్నారక్కడ? అలవాటు, అంతే.

అపోహ: గాలాడాలంటే ముందూ వెనకా తెరవాలి.

వెనక వెలుతురు పడితే మీ తల, చెయ్యి నల్లగా కనిపించేస్తాయి. వెనక మూసి, లోపల నల్లగుడ్డ కట్టండి. గాలికి పక్కల్లో నేల దగ్గర జానెడు సందు చాలు. ఎండెక్కకముందే బయటికి రండి.

మిలిటరీ రంగు గుడ్డ? సముద్రపు గాలికి టపటపలాడితే ఏ రంగైనా దండగే.

అపోహ: బాగా దాక్కుంటే గూటి దగ్గరైనా కూర్చోవచ్చు.

వద్దు. నిరుడు ఓ కుర్రాడి మాటు దగ్గరికెళ్తే నెత్తి మీద తీతువు అరుస్తూ తిరుగుతోంది, గుడ్లు ఎండలో ఉన్నాయి. వెంటనే ఆ కుర్రాణ్ణి లేవదీసి దూరంగా మామిడిచెట్టు కిందికి తీసుకుపోయాను. కాసేపటికి తీతువు పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఈ ఎండకి తల్లిని ఆపితే గుడ్లు ఉడికిపోతాయి. గూళ్లని, గుడ్లని చెదరగొట్టడమూ ఆ చట్టం ప్రకారం వేటే.

"కెమెరా పట్టుకుంటేనే కేసు పెడతారా?" అని కొందరు పాపం నిద్ర మానుకుంటున్నారు. పెట్టరు. చేనైతే రైతుని అడగండి, అడవైతే అటవీశాఖ వాళ్లని అడగండి. గూళ్లు లేనిచోట కూర్చోండి.