మెర్జ్‌కు ముందు రివ్యూ: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మా జట్టు పాల సేకరణ కేంద్రాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంది. పలమనేరు వైపు తెల్లవారుజామున పాలు పోసిన రైతు చేతికి వచ్చే చీటీ ఆ కోడ్ నుంచే వస్తుంది. అందుకే ఒకరు రాసిన మార్పును ప్రధాన కోడ్‌లో కలిపే (మెర్జ్ చేసే) ముందు మరొకరు చదివి చూడడం, అంటే రివ్యూ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. కొత్తగా చేరినవారి నోట తరచుగా వినిపించే మాటలు కొన్ని:

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ (ఒకేచోట ఇద్దరూ వేర్వేరుగా మార్చిన ఘర్షణ) రాలేదంటే మెర్జ్ చేసేయవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. కోడ్‌లో మార్పులను నమోదు చేసి కలిపే సాధనం గిట్ వరుసలను పోలుస్తుంది, వాటి అర్థం దానికి తెలియదు. మా దగ్గర ఒకరు పాల పరిమాణం ఇచ్చే ఫంక్షన్‌ను లీటర్ల నుంచి కిలోలకు మార్చారు. అదే సమయంలో మరొకరు వేరే ఫైల్‌లో బిల్లు రాస్తూ, ఆ ఫంక్షన్ ఇచ్చేది లీటర్లే అనుకుని 1.03తో గుణించారు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి విడిగా చూస్తే ఇద్దరిదీ సరైన లెక్కే. ఎవరి బ్రాంచిలో (విడిగా మార్పులు చేసుకునే కోడ్ శాఖలో) వారి పరీక్షలు నెగ్గాయి, గిట్ కిమ్మనలేదు. కలిస్తే మాత్రం బిల్లులో ప్రతి వంద రూపాయలకు మూడు రూపాయలు ఎక్కువ పడతాయి. కంటికి ఆనని తేడా. రివ్యూ చేస్తున్న అమ్మాయి "ఇక్కడికి వచ్చేది లీటర్లా, కిలోలా?" అని ఒక్క మాట అడిగింది, అక్కడే దొరికింది. వచ్చిన మార్పును మాత్రమే చదివితే చాలదు. అది పిలిచే ఫంక్షన్ మెయిన్‌లో (అందరి పనీ చేరే ప్రధాన బ్రాంచిలో) ఇవాళ ఎలా ఉందో తెరిచి చూడాలి. మెయిన్‌ను ఆ బ్రాంచిలో కలిపి పరీక్షలు మళ్లీ నడపాలి.

అపోహ: గిట్ పుల్ కొడితే ఏం మారిందో చూడవచ్చు.

పుల్ అంటే ఫెచ్ (సర్వర్‌లోని కొత్త మార్పులను తెచ్చుకోవడం), ఆ వెంటనే మెర్జ్ (అమరికను బట్టి రీబేస్, అంటే మన మార్పులను వాటిపై మళ్లీ పేర్చడం). మీరు చూసేలోపే కలిసిపోతుంది. ఫెచ్ ఒక్కటే చేస్తే మీ ఫైళ్ల జోలికి పోదు. తీరిగ్గా లాగ్ (మార్పుల జాబితా), డిఫ్ (రెండిటి మధ్య తేడా) చూసుకోవచ్చు. డిఫ్‌లో మెయిన్ పేరుకూ బ్రాంచి పేరుకూ మధ్య మూడు చుక్కలు పెట్టండి. రెండు చుక్కలైతే, ఈలోగా మెయిన్‌లో చేరినవాటిని ఆ బ్రాంచి తొలగించినట్టు కనిపించి తికమకపడతారు.

అపోహ: సీనియర్ చూశాక మనం అడిగేదేముంది?

హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం 2011 డిసెంబరు 31న, ఇంటర్నెట్ సమాచారాన్ని గుప్తంగా పంపే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోకి వచ్చింది, రివ్యూ జరిగాకే. అవతలివారు చెప్పిన పొడవునూ నిజంగా పంపిన డేటా పొడవునూ సరిపోల్చే తనిఖీ లేదు. దానివల్ల సర్వర్ మెమరీలోంచి ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా బయటికి లాగగలిగేవారు. 2014 ఏప్రిల్ దాకా లోకానికి తెలియలేదు. "అన్నా, ఈ పొడవును ఎక్కడ సరిచూస్తున్నారు?" అని అడిగే చనువు జూనియర్‌కు ఉండాలి. ఆ చనువు ఇవ్వవలసింది సీనియరే.

అపోహ: తేడా వస్తే రివర్ట్ చేస్తే (మార్పును వెనక్కి తీస్తే) సరి.

కోడ్ వెనక్కి వస్తుంది, రైతు ఖాతాలో పడిన డబ్బు రాదు. పైగా మెర్జ్‌ను రివర్ట్ చేసి, లోపం సరిదిద్ది, అదే బ్రాంచిని మళ్లీ కలిపితే పాత కమిట్లలోని (గిట్‌లో అంతకుముందు నమోదు చేసిన) మార్పులు రావు. అవి ఇప్పటికే చేరాయని గిట్ లెక్క. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేసి, ఆ తర్వాత సరిదిద్దిన బ్రాంచిని కలపాలి.