తండ్రికి స్పాక్ ఇచ్చిన రక్తం: అపోహలు - వాస్తవాలు

ఎనభైల్లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' అనే అమెరికా అంతరిక్ష ధారావాహిక వచ్చేది. హనుమకొండలో మా వీధి మొత్తానికి ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. పిల్లలందరూ అంతరిక్ష ఓడ కెప్టెన్ కర్క్‌ను చూస్తుంటే, నా కళ్లు మాత్రం అతని పక్కన నిలబడే, వేరే గ్రహానికి చెందిన కోసు చెవుల స్పాక్ మీదే ఉండేవి. అది నలుపు తెలుపు టీవీ కావడంతో, అతని రక్తం ఆకుపచ్చ అన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. అప్పటికే నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేరాను.

కళాశాలల్లో రక్తదానం గురించి మాట్లాడమంటే ఇప్పటికీ స్పాక్‌తోనే మొదలుపెడతాను. 1967లో ప్రసారమైన 'జర్నీ టు బేబెల్' కథలో అతని తండ్రి సారెక్‌కు గుండె ఆపరేషన్ అవసరమవుతుంది. ఆ అరుదైన రక్తం ఓడలో కొడుకు దగ్గరే ఉంటుంది. మేము రోజూ వినే అపోహల్లో చాలావాటికి ఆ కథలో చోటుంది.

అపోహ: రక్తంలో రాగి ఉంటే అది ఆకుపచ్చగా ఉంటుంది.

వాస్తవం: స్పాక్ రక్తం రాగి ఆధారమైనదని ఆ ధారావాహిక చెబుతుంది. మన భూమి మీదా అలాంటి రక్తం ఉంది. ఆక్టోపస్‌లో, గుర్రపు నాడా ఆకారపు పీతలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఉన్న హీమోసయనిన్ అనే ప్రోటీన్. ఆక్సిజన్ అందగానే అది నీలంగా మారుతుంది. నిజంగా ఆకుపచ్చ రక్తమున్న జీవులు న్యూగినీ దీవిలోని కొన్ని బల్లులు. వాటి ఆకుపచ్చకు రాగి కారణం కాదు, బిలివెర్డిన్ అనే పైత్య వర్ణకం కారణం. మన ముంజేతి మీద నీలంగా కనబడే సిరల్లో ఉన్నది మాత్రం ముదురు ఎరుపు రక్తమే. చర్మంలో వెలుతురు ప్రవర్తించే తీరు వల్ల అలా కనబడుతుంది. సూది గుచ్చగానే ట్యూబులోకి వచ్చిన నల్లటి ఎరుపు చూసి "చెడు రక్తమా సార్?" అని కంగారుపడేవారు చాలామంది. సిరల్లోని రక్తం ఆక్సిజన్‌ను కణజాలానికి ఇచ్చేసి వెనక్కి వస్తుంటుంది, అందుకే ఆ రంగు. అందులో చెడు ఏమీ లేదు.

అపోహ: సొంతవాళ్ల రక్తమే అన్నిటికన్నా మంచిది.

ఇది అన్నిటికన్నా గట్టి అపోహ. ఈ విషయంలో స్పాక్ కథ కూడా పక్కదారి పట్టించేదే. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు నా చేయి పట్టుకుని "మా నాన్నకు నా రక్తమే ఎక్కించండి సార్, ఇంకెవరిదీ వద్దు" అన్నాడు. ఆ ప్రేమను కాదనడం నాకు కష్టమే. అయినా కాదన్నాను.

వాస్తవం ఏమిటంటే, దానం చేసిన రక్తంలో కొన్ని తెల్లకణాలు కూడా ఉంటాయి. బయటివారి తెల్లకణాలను రోగి శరీరం పరాయివిగా గుర్తించి చంపేస్తుంది. కన్నకొడుకువీ, తోబుట్టువులవీ అయితే పోలిక వల్ల గుర్తించలేకపోవచ్చు. అప్పుడు ఆ కణాలు లోపల స్థిరపడి రోగి చర్మం, కాలేయం, పేగులు, ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. ఇది అరుదే, కానీ వస్తే బతికేవారు చాలా తక్కువ. రక్తానికి ముందుగా రేడియేషన్ ఇస్తే ఈ ముప్పు తప్పుతుంది, అయితే ఆ ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. తలసీమియా అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు; మజ్జ మార్పిడి జరగాల్సిన అలాంటి బిడ్డకైతే ఇంట్లోవాళ్ల రక్తం అసలే ఎక్కించకూడదు. తర్వాత వాళ్లు ఇచ్చే మజ్జను బిడ్డ శరీరం తిరస్కరించే అవకాశం పెరుగుతుంది.

ఆ యువకుడు చివరికి ఒప్పుకున్నాడు. అతని రక్తం వేరొకరికి వెళ్లింది. తండ్రికి ఎవరో ముక్కూముఖం తెలియని వారిది ఎక్కింది.

అపోహ: మా గ్రూపు ఏమిటో మాకు తెలుసు, మళ్లీ పరీక్ష ఎందుకు?

వాస్తవం: సారెక్‌ది టీ-నెగెటివ్ గ్రూపు అని కథలో చెబుతారు. అది కల్పన. మనకు నిజంగానే ఉన్న అరుదైన గ్రూపు బాంబే గ్రూపు, 1952లో బొంబాయిలో బయటపడింది. పైపైన పరీక్షిస్తే అది 'ఓ' లాగే కనబడుతుంది. 'ఓ' అనుకుని మామూలు 'ఓ' రక్తం ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. అందుకే కణాలనూ, సీరంనూ (రక్తంలోని ద్రవభాగాన్ని) విడివిడిగా పరీక్షిస్తాం, ఆపైన దాత రక్తం రోగి రక్తంతో సరిపడుతుందో చూసే క్రాస్ మ్యాచింగ్ చేస్తాం. "ఇంత ఆలస్యమా" అని కోప్పడే బంధువులకు నేను చెప్పేది ఇదే.

అపోహ: రక్తం ఇస్తే నీరసించిపోతాం.

వాస్తవం: పెద్దవారి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. మేము తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్రకణాలకు వారాలు పడుతుంది. అందుకే మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు ఎడం. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గితే తీసుకోం. స్పాక్ తన రక్తం త్వరగా పెరగడానికి ప్రమాదకరమైన మందు వాడేందుకు సిద్ధపడతాడు. మన మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను విడుదల చేసి ఆ పనిని నిదానంగా చేస్తాయి. దాతకు కావాల్సింది ఇనుము ఉన్న తిండి, తగినన్ని నీళ్లు, మధ్యలో ఎడం. ఇంకో కథలో స్పాక్ నాడి నిమిషానికి 242 అంటాడు ఓడలోని డాక్టర్ మెకాయ్. అంత నాడితో ఎవరైనా వస్తే ముందు డాక్టరు దగ్గరికి పంపుతాం.

అపోహ: అవసరమొచ్చినప్పుడు ఇస్తే చాలు.

వాస్తవం: ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలుస్తాయి, ఎర్రకణాలు అయిదారు వారాలు. ఒకే రోజు వందమంది వచ్చి తర్వాత రెండు నెలలు ఎవరూ రాకపోతే మా అరల్లో మిగిలేది ఏమీ ఉండదు. వేసవి సెలవులకు కళాశాలలు మూతపడగానే ఈ కొరత మొదలవుతుంది. తలసీమియా పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం పడాల్సిందే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో సికిల్ సెల్‌తో, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బుతో ఉన్న ఆదివాసీ బిడ్డల్లోనూ కొందరికి మళ్లీ మళ్లీ అవసరమవుతుంది. 18 నిండి, బరువు 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే మే నెలలో ఒక ఉదయం టిఫిన్ చేసి రండి.