ఒకే స్టేజి, ఒకే వైద్యం, రెండు దారులు

ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో 2003 నుంచి 2011 దాకా ఒక పెద్ద అధ్యయనానికి రోగులను చేర్చుకున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మూడు-బీ అనే ముదిరిన దశకు చేరిన 850 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. రెండో జట్టుకు దానితోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఎక్కించారు. ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు మొదటి జట్టులో 46 శాతం, రెండో జట్టులో 54 శాతం. మందు కలిపితే మేలని రుజువైంది.

ఆ అంకెలు చూసినప్పుడల్లా నా కళ్లు రెండో వైపుకే పోతాయి. మెరుగైన వైద్యం అందిన జట్టులో కూడా నూటికి 46 మంది ఐదేళ్లు దాటలేదు. అందరిదీ ఒకే దశ, ఒకే ఆస్పత్రి, ఒకే మోతాదు. రేడియేషన్‌ను మన ఊళ్లలో అనే మాటలో చెప్పాలంటే, అందరూ ఒకేలా కరెంటు పెట్టించుకున్నారు. అయినా వైద్యం మొదలైన రోజున ఎవరికి నయమవుతుందో, ఎవరికి తిరగబెడుతుందో ఏ డాక్టరూ చెప్పలేకపోయారు. కణితిలోని జన్యువులను చదివి ఆ సంగతి ముందే పసిగట్టగలమా అన్న వెతుకులాట ఇక్కడి నుంచే పుట్టింది.

అంతకు ముందు డాక్టర్ల చేతిలో ఉన్నది స్టేజి ఒక్కటే. రేడియం వైద్యం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక దేశంలో వచ్చిన ఫలితాలను ఇంకో దేశపు ఫలితాలతో పోల్చడానికి నానాజాతి సమితి 1929లో ఈ దశల పద్ధతిని అచ్చువేసింది. తర్వాత ఆ బాధ్యత అంతర్జాతీయ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్యకు వెళ్లింది. స్కానింగు లేని దేశాలకూ పనికిరావాలని దశాబ్దాలపాటు దీన్ని చేతి పరీక్ష మీదే నడిపారు. స్కాన్‌లో కనిపించే లింఫ్ గ్రంథులను స్టేజిలోకి తెచ్చింది 2018లోనే. జబ్బు ఎంత దూరం పాకిందో స్టేజి చెబుతుంది. దాని స్వభావం ఎలాంటిదో, రేడియేషన్‌కు లొంగుతుందో మొరాయిస్తుందో చెప్పదు.

స్వభావం గురించిన తొలి ఆధారం వైరస్ నుంచి వచ్చింది. జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16వ రకాన్ని, ఆ మరుసటి ఏడాది 18వ రకాన్ని ఈ కణితుల్లో పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ 18వ రకం వైరస్ దొరికిన కణాల్లో హీలా కణాలూ ఉన్నాయి.

హీలా కథ దగ్గర కాస్త ఆగాలి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళకు ఈ క్యాన్సర్ ఉందని తేల్చారు. రేడియం పెట్టినా ఆగలేదు. ఎనిమిది నెలల్లోనే, 31 ఏళ్ల వయసులో, ఆమె చనిపోయారు. ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు, ఆమె పేరులోని అక్షరాలతో హీలా అని పిలిచేవి, ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరిగాయి. ఆమె కణితిని మొదట పొలుసు కణాల రకంగా రాశారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత స్లైడ్లు మళ్లీ చూస్తే అది గ్రంథి కణాల రకమని తేలింది. 2013లో ఆ కణాల జన్యుపటాన్ని నిశితంగా చదివినప్పుడు, ఎనిమిదో క్రోమోజోములో ఎంవైసీ అనే జన్యువుకు చేరువలో వైరస్ చొరబడి దాన్ని అదేపనిగా ఎగదోస్తోందని కనిపించింది. జబ్బు అంత దూకుడుగా సాగడానికి అదే కారణం కావచ్చన్నారు పరిశోధకులు. అంటే ఒక రోగి విషయంలో జన్యువులు జవాబు చెప్పాయి, 62 ఏళ్లు ఆలస్యంగా. ఆ వివరాలు ఎవరు చూడాలన్న నిర్ణయంలో కుటుంబానికి చోటు దక్కిందీ ఆ ఏడాదే. జన్యు పరిశోధన గురించి రాసేటప్పుడు ఈ అన్యాయాన్ని పక్కనపెట్టి ముందుకు పోవడం నాకు చేతకాదు.

వైరస్ పనితీరు ఈలోపే అర్థమైంది. దాని ఈ6 ప్రొటీన్ మన కణంలోని పీ53 అనే కాపలాదారును నాశనం చేస్తుంది. ఈ7 ప్రొటీన్ ఆర్‌బీ అనే మరో కాపలాదారును కట్టిపడేస్తుంది. ఆర్‌బీ పడిపోగానే పీ16 అనే ప్రొటీన్ విపరీతంగా పెరుగుతుంది. ముక్క పరీక్షలో (బయాప్సీలో) రంగు వేసి దాన్ని చూడవచ్చు. గొంతు క్యాన్సర్లలో కొన్నింటికి పీ16 ఉంటే మంచి సూచన. గర్భాశయ ముఖద్వారంలో దాదాపు అన్ని కణితులకూ వైరసే మూలం కాబట్టి, ఆ గుర్తు రోగులను రెండుగా వేరుచేయలేదు. కాకపోతే వైరస్‌తో సంబంధం లేని కొద్దిపాటి కణితులు వైద్యానికి సరిగా లొంగవని తెలిసింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వేరే వర్గంగా గుర్తించింది.

రొమ్ము క్యాన్సర్‌లో జబ్బు తిరగబెట్టే ముప్పును అంచనా వేసేందుకు 2002లో 70 జన్యువుల పరీక్ష, 2004లో 21 జన్యువుల పరీక్ష వెలుగులోకి వచ్చాక ఇక్కడా ఆశ పుట్టింది. ఇక్కడ ముడిసరుకే తక్కువ. ముదిరిన దశలో ఆపరేషన్ ఉండదు, మొదట తీసిన చిన్న ముక్కే మిగులుతుంది. పైగా ఇది ఎక్కువగా పేద స్త్రీలకు వచ్చే జబ్బు కావడంతో డబ్బు పెట్టేవాళ్లూ తక్కువే.

అయినా ఒక దారి మాత్రం గట్టి పునాది మీద నడిచింది. అది ఆక్సిజన్ దారి. ఆక్సిజన్ అందని కణాలు రేడియేషన్‌కు అంత తేలిగ్గా చావవని 1950ల నుంచే తెలుసు. 1990ల్లో జర్మనీలోని మైన్జ్‌లో సూదిలాంటి ఎలక్ట్రోడ్‌ను నేరుగా కణితిలోకి దింపి కొలిచారు. ఆక్సిజన్ తక్కువున్న స్త్రీలలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అందరికీ సూది గుచ్చడం కుదరదు కాబట్టి ఓస్లోలోని రేడియం ఆస్పత్రి పరిశోధకులు ఎంఆర్ఐ చిత్రాలనూ జన్యువుల చురుకుదనాన్నీ జతచేసి, ఆక్సిజన్ తక్కువున్న కణితిని పట్టిచ్చే ఆరు జన్యువుల గుర్తును 2016లో తయారుచేశారు. జన్యువుల జాబితాలు ఎన్నో ఉన్నా నాకు దీని మీదే గురి ఎక్కువ. ఎందుకంటే ఇందులో కారణం ముందు తెలిసింది, గుర్తు తర్వాత దొరికింది.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి గుర్తొస్తుంది. కణాలకు ఆక్సిజన్ మోసుకెళ్లేది రక్తమే. రేడియేషన్ సమయంలో రక్తం తక్కువున్నవాళ్లకు ఫలితాలు తక్కువగా ఉంటాయని చాలా ఆస్పత్రులు గమనించాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఓస్లోలో కొలిచిన గుర్తు మన దగ్గర అలాగే పనిచేస్తుందని ముందే అనుకోలేం. మన రోగుల మీద కొలిచి చూడాల్సిందే.

2017లో అమెరికా క్యాన్సర్ జన్యుపట పథకం 228 కణితుల వివరాలు వెలువరించింది. ఈఆర్‌బీబీ3, కాస్ప్8 లాంటి జన్యువుల్లో మార్పులు బయటపడ్డాయి. రోగనిరోధక కణాలను ఏమార్చే పీడీ-ఎల్1 జన్యువు కొన్ని కణితుల్లో రెట్టింపులై ఉందని కనిపించింది. పీడీ-ఎల్1 ఉన్న కణితులకు, రోగనిరోధక కణాలను మళ్లీ పనిలోకి దింపే పెంబ్రోలిజుమాబ్ అనే మందు వాడేందుకు 2018లో అమెరికా అనుమతించింది. 2022లో బ్రిటన్ నేతృత్వంలో 600కు పైగా కణితులను చదివి, పొలుసు కణాల రకంలోనే రెండు తెగలున్నాయని, వాటిలో ఒకదానికి ఫలితాలు బాగా తక్కువని చెప్పారు.

అమెరికా పథకం వివరాలు అందరికీ తెరిచి ఉంచడం మంచి పని. దాంతోపాటు ఒక వరదా వచ్చింది. అవే కొద్ది వందల మంది రోగుల వివరాలను మళ్లీ మళ్లీ జల్లెడపట్టి ఐదు జన్యువుల గుర్తు, ఏడు జన్యువుల గుర్తు అంటూ వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. ఒక జాబితాకూ ఇంకో జాబితాకూ పొంతన ఉండదు. వేల జన్యువులుండి రోగులు వందల్లోనే ఉంటే, కాకతాళీయంగా కలిసొచ్చేవి కొన్ని ఉండి తీరతాయి. పాత ప్రశ్నపత్రాన్ని బట్టీపట్టిన పిల్లవాడికి అదే పత్రం ఇస్తే నూటికి నూరు వస్తాయి. కొత్త పత్రం ఇచ్చిన రోజున తెలుస్తుంది అసలు చదువు.

ఆ కొత్త పత్రం మన దగ్గరే ఉంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మందికి ఈ జబ్బు వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. అయినా ప్రపంచ జన్యు భాండాగారాల్లో మన స్త్రీల కణితులు చాలా కొద్ది. పనే జరగలేదని కాదు. నవీ ముంబయిలోని టాటా పరిశోధన కేంద్రం వేర్వేరు దశల్లోని భారతీయ స్త్రీల కణితుల్లో జన్యువుల చురుకుదనాన్ని కొలిచి 2013లో ప్రచురించింది. అలాంటివి పదింతలు కావాలి.

ఇప్పుడు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది మన జన్యువుల కంటే వైరస్ జన్యువే. కణితి చనిపోతుంటే దానిలోని హెచ్‌పీవీ డీఎన్‌ఏ తునకలు రక్తంలోకి వస్తాయి. వైద్యం ముగిసిన మూడు నెలలకు కూడా అవి రక్తంలో కనిపిస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువని కెనడాలో రోగులను వెంబడించి చూసినవాళ్లు చెప్పారు. వేల జన్యువులను చదవక్కర్లేదు, మళ్లీ ముక్క తీయక్కర్లేదు, ఒక గొట్టం రక్తం చాలు. అయితే కరెంటు పూర్తయి ఊరికి వెళ్లిపోయిన మనిషి, కూలి పోగొట్టుకుని, బస్సు ఖర్చులు పెట్టుకుని, మూడో నెలలో మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కితేనే ఆ రక్తం గొట్టంలోకి చేరుతుంది.